బంకక్క పోసిన పొగ నూనె

బంకక్కకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాన్ని వాడి అరగదీసినవాళ్ళు ఎవరూ లేరు. పెళ్ళయిన కొత్తలోనే ఊరి చివర పెట్రోలు బంకులో పనికి కుదిరింది. అప్పటినుంచీ లారీవాళ్ళకీ ట్రాక్టర్లవాళ్ళకీ స్కూలు వ్యానువాళ్ళకీ ఆవిడ బంకక్కే. తనకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తుంటే మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

బంకులో పైపులు నాలుగున్నా డీజిల్ పైపు మాత్రం ఆవిడ సొత్తు. ఇంకొకరు ముట్టుకుంటే ఆవిడ చూపుకే వదిలేసేవాళ్ళు. ట్యాంకరు వస్తే సరుకు దించుకునే ముందు గాజు గొట్టం ముంచి సాంద్రత చూడాలని రూలు. బంకక్క ముంచేది, కాదనడానికి లేదు. కానీ అంతకు ముందే ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, సరుకు మంచిదో కాదో తేల్చేసేది. గొట్టం పని ఆ మాటకి తలూపడమే. కిరసనాయిలు కలిసిన సరుకుని అలా ఒకటి రెండుసార్లు వెనక్కి పంపింది కూడా. దాంతో ఊళ్ళో ఆవిడ ముక్కుకి పేరొచ్చింది. పేరొచ్చిన ముక్కు ఊరుకుంటుందా, ఇంకాస్త పైకి లేచింది.

ఆ ఊరికి అన్నం పెట్టేదీ, ఊపిరి తీసేదీ ఒకటే, సిమెంటు ఫ్యాక్టరీ. దాని చిమ్నీ ఊళ్ళో ఏ కిటికీ తెరిచినా కనిపిస్తుంది. ఒక ఏడాది ఆ చిమ్నీ పక్కన వెండిరంగు ట్యాంకులూ, మెలికలు తిరిగిన గొట్టాలూ లేచాయి. చిమ్నీలోంచి పోయే బొగ్గుపులుసు వాయువుని పట్టి, నీళ్ళని కరెంటుతో విడగొట్టి తీసిన హైడ్రోజన్‌తో కలిపి, డీజిల్ తయారు చేస్తారట. కంపెనీ దానికి చాలా అందమైన పేరు పెట్టి బోర్డు రాయించింది. ఆ పేరు పలికినవాడు లేడు. ఊరు దానికి పొగ నూనె అని పేరు పెట్టేసి చేతులు దులుపుకుంది.

బంకులో దానికోసం ఆకుపచ్చ పైపు ఒకటి పెట్టారు, నేల కింద వేరే ట్యాంకు తవ్వి ఆకుపచ్చ మూత బిగించారు. పాత డీజిల్ ట్యాంకుది ఎర్ర మూత. నూనె నీళ్ళలా తేటగా ఉంటుంది, వాసనే ఉండదు. అదే దాని కొంప ముంచింది. వాసన రాని డీజిల్‌ని ఎవరు నమ్ముతారు? సోడాలో ఉండేది కూడా అదే గాలి కాబట్టి ట్యాంకు మూత ఎగిరిపోతుందని ఒకరన్నారు. బస్సులో పోయిస్తే ఎక్కినవాళ్ళందరికీ తేన్పులు వస్తాయని ఇంకొకరన్నారు. పట్టుకున్న పొగని మళ్ళీ బండి గొట్టంలోంచి వదిలేదానికి ఇంత ఆర్భాటం ఎందుకని బడిపంతులు పెదవి విరిచారు. ఆకుపచ్చ పైపు మీద దుమ్ము పేరుకుంది.

జనానికి నచ్చజెప్పడానికి కంపెనీ ఒక అమ్మాయిని పంపింది. తెల్లకోటు వేసుకుని బంకు ముందు షామియానా కింద కూర్చునేది కాబట్టి ఆ అమ్మాయి ల్యాబమ్మాయి అయింది. పాపం, మంచి పిల్ల. ఎవరేమడిగినా విసుక్కోకుండా చెప్పేది. నేల కింద నుంచి కొత్తగా తోడిన నూనె కాల్చితే కొత్త పొగ చేరుతుందనీ, ఇది మాత్రం ఎలాగూ చిమ్నీలోంచి పోయే పొగనే ఇంకోసారి పనిలో పెట్టడమనీ చెప్పేది. ఒక్క జాగ్రత్త మాత్రం పదేపదే గుర్తుచేసేది.

"పాత బండ్లయితే ముందు పంపులో రబ్బరు రింగులు మార్పించుకోవాలండీ. పాత డీజిల్ తాగి తాగి రబ్బరు ఉబ్బి ఉంటుంది. ఇది తగిలితే ముడుచుకుంటుంది. సందు పడి కారొచ్చు."

ఆ మాట వినగానే ఉన్న నలుగురూ లేచి వెళ్ళిపోయేవాళ్ళు. జాగ్రత్త చెప్పిన పాపానికి ఆ పిల్ల ఒంటరిగా కుర్చీలు మడతపెట్టుకునేది.

అందరికంటే గట్టిగా కాదన్నది అంబులెన్సు బాబాయ్. ప్రభుత్వాసుపత్రి అంబులెన్సు నడుపుతాడు. బండికీ ఆయనకీ దాదాపు ఒకే వయసేమో అన్నట్టు ఉంటారు ఇద్దరూ. ఆయన తేన్పుల గురించి, సోడా గురించి మాట్లాడలేదు. షామియానా ముందు నిలబడి ఒక్కటే అడిగాడు.

"అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఆ పొగ దండగ. అందుకే తగ్గించమని ఊరంతా మొత్తుకుంటే ఎప్పటికైనా తగ్గిస్తారని ఆశ ఉండేది. రేపు ఆ పొగకి గిరాకీ వచ్చిందనుకో, ఇంక ఆపేదెవరు?"

ల్యాబమ్మాయి కంపెనీ నేర్పిన జవాబు అప్పజెప్పింది. బాబాయ్ చివరిదాకా మర్యాదగా విన్నాడు.

"నేను మోసేది ఊపిరాడనివాళ్ళని. సగం మంది ఆ చిమ్నీ కిందవాళ్ళే. దాని పొగ పోసుకుని వాళ్ళని మొయ్యమంటావా? నావల్ల కాదు."

తర్వాత బంకక్క వైపు తిరిగాడు. "విన్నావుగా?"

"నీకు చెప్పకుండా నీ బండిలో ఒక్క చుక్క పడదు బాబాయ్," అంది బంకక్క. "పోసేది నేనే కదా."

అంత పెద్ద మాట అంత తేలిగ్గా అనేసింది.

చలిగాలులు మొదలైన రోజుల్లో బంకక్కకి జలుబు పట్టుకుంది. మామూలు జలుబు కాదు. పొద్దున్నే టీ కప్పు మొహం దగ్గర పెట్టుకుంటే వేడి తగిలింది గానీ వాసన తెలియలేదు. ఆ జలుబులోనే ట్యాంకరు వచ్చింది. డ్రైవరు ఆ దారికి కొత్తవాడు. కాగితాలు మేనేజరు గదిలో ఇచ్చేసి, గొట్టం భుజాన వేసుకుని వచ్చి, "ఏ మూత అక్కా?" అన్నాడు.

బంకక్క చుక్క అరచేతిలో వేసుకుని రుద్దింది. వాసన లేదు. లేకపోవడమేమిటి, నా ముక్కే పనిచెయ్యడం లేదు అనుకుంది. తేటగా ఉన్నట్టుంది గానీ, నీళ్ళు కారే కళ్ళతో రంగు ఏం కనపడుతుంది? పైగా ఆవిడ బుర్ర ఇంకో లెక్క వేసింది. పొగ నూనె కొనేవాడే లేడు, ఉన్నదే ట్యాంకులో మురుగుతోంది, ఇంకో లోడు ఎవరు పంపుతారు? ఇది పాత డీజిలే అయి ఉండాలి. గాజు గొట్టం పెట్టెలోంచి తీద్దామనుకుని తుమ్ములు ముంచుకొచ్చి మానేసింది. "ఎర్ర మూత," అని చెప్పి టీ కొట్టు వైపు నడిచింది.

ఆ తర్వాత బంకు మామూలుగానే నడిచింది. పాత ట్యాంకులో అడుగున మిగిలిన డీజిల్ కలవడంతో వాసన కాస్త తగ్గిందే గానీ పోలేదు. ఎవరూ పట్టించుకోలేదు. అంబులెన్సు బాబాయ్ వచ్చి ట్యాంకు నింపించుకుంటూ, "బండి ఈమధ్య తేలిగ్గా లాగుతోందే అమ్మాయ్, పొగ కూడా తగ్గింది, మెకానిక్కు చెయ్యి మంచిది," అని మెచ్చుకున్నాడు కూడా. అటువైపు ధైర్యం చేసి ఆకుపచ్చ పైపు దగ్గరికి వెళ్ళిన ఒకే ఒక్క ట్రాక్టరాయన మాత్రం ఆ నూనెతో తనకి తలనొప్పి పట్టుకుందని ఊరంతా చాటాడు.

జలుబు తగ్గి ముక్కు దారికి వచ్చాక ఒక ఉదయం మేనేజరు మాటల్లో విసుక్కున్నాడు.

"ఫ్యాక్టరీలో చోటు చాలడం లేదని మొన్న ఇంకో లోడు పొగ నూనె తోసేశారు మన మీదికి. అమ్ముడుపోకపోయినా దించుకోవాలట. ఏం చేసుకోవాలక్కా దాన్ని?"

బంకక్క చేతిలో గుడ్డ అక్కడే పడేసి వెళ్ళి ఆకుపచ్చ మూత తీసింది. కొలత కడ్డీ దించింది. కొత్త లోడు పడి ఉంటే పెరగాల్సిన మట్టం పెరగలేదు. ఎర్ర మూత తీసి కడ్డీ దించి, ఒక చుక్క చేతిలో వేసుకుని రుద్ది వాసన చూసింది. తన ముక్కుకి తనే దొరికిపోయింది. కడ్డీ పట్టుకునే అక్కడ కూలబడింది.

విషయం వినగానే మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి అదే మొహం వెలిగిపోయింది.

"అక్కా, ఒక్కళ్ళయినా వచ్చి బండి పాడైందన్నారా?"

"లేదు సార్."

"చూశావా మరి! ఇన్నాళ్ళు షామియానా వేసి గొంతు చించుకున్నా వినని జనం, తెలీకుండా హాయిగా వాడేస్తున్నారు. నెల నిండనీ. పెద్ద బ్యానరు కట్టిద్దాం. 'మీరు ఇప్పటికే వాడుతున్నారు' అని. నోళ్ళు మూతపడతాయి."

"అడగలేదు కదా సార్ వాళ్ళని."

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోరనే కదా అడగాల్సింది," అంది బంకక్క. మేనేజరుకి ఆ మాట అర్థం కాలేదు. ఆవిడకీ పూర్తిగా అర్థమయిందని చెప్పలేం. డీజిల్ పైపు మీద 'లేదు' అన్న అట్టముక్క తగిలించింది. నెల నిండేదాకా నోరు మెదపొద్దని మేనేజరు వెనకనుంచి అరుస్తున్నాడు. మధ్యాహ్నం భోజనం వేళ కాబట్టి ఇంటికి బయల్దేరింది.

ఇల్లంటే రెండు గదులు. ముందుగదిలో మంచం కిటికీకి ఆనించి ఉంటుంది. మంచం మీద భర్త. ఆయన ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు నింపే దగ్గర పనిచేసి, దగ్గు ముదిరి ఇంటిపట్టున ఉండిపోయాడు. రోజంతా చిమ్నీని చూస్తూ దాంతో పోట్లాడుతుంటాడు. పొగ నూనె వచ్చినప్పుడు అందరికంటే సంతోషించింది ఆయనే. "అందులో నా దగ్గు కూడా ఉందే, పారబొయ్యకుండా అమ్ము," అని నవ్వించేవాడు.

బంకక్క కంచం ఆయన ముందు పెట్టి, తను తినకుండా గోడకి ఆనుకుని, జరిగినదంతా చెప్పింది.

"ఏవండీ, బండ్లకేమీ కాలేదు. నూనె మంచిదే. మీరే అంటారు కదా మంచిదని. బయటపడితే దాన్ని ఇంక ఎవరూ ముట్టుకోరు. నా మాట కూడా ఎవరూ నమ్మరు. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు."

ఆయన ముద్ద కలపడం ఆపాడు.

"బాబాయ్ బండి పాతది కదూ?" అన్నాడు.

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చాయి రబ్బరు రింగులు. ల్యాబమ్మాయి ఎన్నిసార్లు చెప్పిందో అన్నిసార్లూ పక్కనే నిలబడి విన్న మాట. గోడ దగ్గర నుంచి లేచి నిలబడింది.

"బస్తాల దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఆ దుమ్ము ఏమీ చెయ్యదనే చెప్పారు మాకు," అన్నాడాయన. "ఏం చేస్తుందో వాళ్ళకి తెలుసే. మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే కూడా మానేసేవాణ్ణి కాదేమో, ఇల్లు గడవాలిగా. మూతికి గుడ్డన్నా కట్టుకునేవాణ్ణి." దగ్గు తెర వచ్చి ఆగిపోయాడు. తగ్గాక కంచం పక్కకి జరిపాడు. "వెళ్ళు. నాకు మంచినీళ్ళు నేను తాగగలను."

బంకక్క ఆసుపత్రికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆవరణలో అంబులెన్సు నిలబెట్టే చోట ఖాళీ. మనిషిని తీసుకురావడానికి వెళ్ళాడని వాచ్‌మన్ చెప్పాడు. గోడ పక్కన నిలబడింది. రోడ్డు మీద మోత వినిపించినప్పుడల్లా గేటు దాకా వెళ్ళి చూసి వస్తోంది. బండి ఆగిపోయి ఉంటుందా, అంటుకుని ఉంటుందా, లోపల ఎవరున్నారో. బాబాయ్ తిడితే బాగుండు, కొడితే బాగుండు, క్షేమంగా వస్తే చాలనుకుంది.

వచ్చాడు. లోపలున్న ముసలాయన్ని స్ట్రెచరు మీద దించి లోపలికి పంపి, చేతులు తుడుచుకుంటూ ఆవిడని చూసి నవ్వాడు. "ఏమ్మా, మీ ఆయనకి ఏమైనా..."

"ఆయన బానే ఉన్నాడు బాబాయ్. నీ బండిలో పొగ నూనె పోశాను. ఇన్నాళ్ళూ అదే పోశాను. నాకు తెలీక పోశాను. పంపు రింగులు కారతాయేమో ఒకసారి చూడు."

ఆయన బానెట్ ఎత్తాడు. వంగి, పంపు కింద వేలు పెట్టి తీశాడు. వేలు తడిగా ఉంది. గుడ్డతో తుడిచి, కాసేపాగి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తడి. ఇప్పుడిప్పుడే మొదలైన కారడం, చుక్క కింద పడేంత కూడా లేదు. ఆయన బండి వెనక తలుపు వైపు చూశాడు.

"ఇప్పుడు ఆక్సిజన్ సిలిండరు పెట్టి తెచ్చాను ఆ ముసలాయన్ని," అన్నాడు నెమ్మదిగా.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు పోస్తున్నావు కదా అని కిందికి కూడా దిగేవాణ్ణి కాదు. వెళ్ళమ్మా. నా ఎదట నిలబడకు."

అరిచి ఉంటే ఆవిడ తట్టుకునేది. ఆ మెత్తటి మాటకి తట్టుకోలేక దారంతా ఏడ్చుకుంటూ వచ్చింది. ఎదురైనవాళ్ళు భర్తకి ఏదో అయిందనుకుని పలకరించబోయారు.

ఆ సాయంత్రం నుంచీ బంకక్క బంకు ముందు నిలబడి, వచ్చిన ప్రతి డీజిల్ బండినీ ఆపి అదే మాట చెప్పింది. నా వల్ల పొరపాటు జరిగింది, మీ బండిలో పొగ నూనె పడింది, పాత బండి అయితే రింగులు చూపించుకోండి. ఒక లారీ డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. స్కూలు వ్యాను నడిపే ఆవిడ బండిని చూసి, లోపల పిల్లల సీట్లు చూసి, తల పట్టుకుని కూర్చుంది. తలనొప్పి ట్రాక్టరాయన మాత్రం ఊరి బండ్లన్నీ తన ట్రాక్టరులాగే అదే తాగాయని తెలిసి పగలబడి నవ్వాడు. వారం తిరక్కుండా ఊళ్ళో పాలు విరిగినా, కుక్క కరిచినా పొగ నూనె వల్లే అయింది. మేనేజరు బ్యానరు కల చెదిరిపోయి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. బంకక్కని పైపు దగ్గర నుంచి తీసి, మూలన టైర్లకి గాలి కొట్టే చోట పడేశాడు.

సంగతి తెలిసి ల్యాబమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. కంపెనీని ఎలా ఒప్పించిందో గానీ, ఒక మెకానిక్కునీ పెట్టెడు రింగుల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఎర్ర మూత ట్యాంకు ఖాళీ చేయించి మళ్ళీ పాత డీజిల్ పోయించారు. షామియానా కింద ఇప్పుడు ఉపన్యాసాలు లేవు. పాత బండి వస్తే రింగులు మార్చి పంపడమే. తెల్లకోటు రెండు రోజుల్లో నల్లబడింది. మధ్యలో ఖాళీ దొరికితే గాలి కొట్టే మూలకి వచ్చి బంకక్క పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేది.

"నా మీద కోపం లేదా నీకు?" అంది ఒకసారి బంకక్క. "నీ నూనె పరువు తీశాను."

"దాని పరువు ముందేం ఉందక్కా," అంది ఆ పిల్ల. "నేను ఇన్నాళ్ళూ నూనె గురించి చెప్పాను. ఎవరూ నూనె గురించి అడగలేదు. మిమ్మల్ని ఎందుకు నమ్మాలి అని అడుగుతున్నారు. నాకు వినపడలేదు."

అంబులెన్సు బాబాయ్ మాత్రం ఆ వైపు రాలేదు. ఊరి అటు చివర ఇంకో బంకు ఉంది, దూరం. చుట్టు తిరిగి అక్కడికే వెళ్తున్నాడని తెలిసింది. అంబులెన్సు కూత దూరంగా వినబడినప్పుడల్లా బంకక్క చేతిలో గాలి గొట్టం ఆగిపోయేది. ఎవరైనా ఏమైందక్కా అంటే టైరు వైపు వంగిపోయేది. భర్త కూడా ఆ విషయం ఎత్తడం మానేశాడు.

చలి తగ్గి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం బంకులోకి ఒక డొక్కు జీపు వచ్చింది. అది బాబాయ్ సొంత జీపు. సెలవు రోజున ఇళ్ళు మారే ఆసుపత్రి మనుషుల సామాన్లు మోస్తుంటాడు దాంట్లో. జీపు సరాసరి ఆకుపచ్చ పైపు ముందు ఆగింది. పైపు దగ్గర ఉన్న కొత్త మనిషి కంగారుపడి మేనేజరు వైపు చూశాడు. బాబాయ్ అతన్ని పట్టించుకోకుండా గాలి మూలకి కేకేశాడు.

"అమ్మాయ్, ఇటు రా. ఇందులో పొయ్యి."

బంకక్క వచ్చింది గానీ పైపు ముట్టుకోలేదు. "నేను గాలి కొట్టే మనిషిని బాబాయ్ ఇప్పుడు."

"అది మీ మేనేజరు చూసుకుంటాడు. నువ్వే పొయ్యాలి."

మేనేజరు గది గుమ్మంలోకి వచ్చి, జీపునీ పైపునీ చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇది పొగ నూనె బాబాయ్," అంది బంకక్క.

"తెలుసు. రింగులు మార్పించాను. మీ తెల్లకోటు పిల్లని నిన్న మళ్ళీ అడిగాను, పొగకి గిరాకీ వస్తే ఆపేదెవరని. ఈసారి తెలీదంది. తెలీదని చెప్పేవాళ్ళు, తప్పు చేశానని చెప్పేవాళ్ళు, ఇద్దరు దొరికారు ఒకేచోట. చూద్దాం ఇది ఎలా లాగుతుందో."

బంకక్క కొంగుతో మొహం తుడుచుకుని నవ్వేసింది. ఉత్సాహం పట్టలేక, "అయితే రేపటినుంచి అంబులెన్సు కూడా ఇక్కడికే తెచ్చెయ్యి బాబాయ్, దానికీ ఇదే పోస్తాను," అంది.

బాబాయ్ నవ్వలేదు. జీపు ట్యాంకు మూత తిప్పి తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"తెస్తాను. దానికి మాత్రం పాతదే పొయ్యి. ఈ జీపులో తిరిగేది నేను, నన్ను అడిగావు, సరేనన్నాను. అందులో పడుకుని వచ్చేవాళ్ళని నేను అడగలేను కదమ్మా."

బంకక్క తలూపి, ఆకుపచ్చ పైపు అందుకుంది.